గుడ్డెలుగు ముద్ద, దుప్పి ముద్ద

మా చిన్నప్పుడు... ఎండాకాలం పొద్దున్నే, ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే, అవ్వ నన్ను లేపి ఇప్పపూలకు తీసుకుపోయేది. అవ్వ అంటే మా నాయన తల్లి. మాది అమ్రాబాద్ దగ్గర అడవి అంచున ఊరు. అవ్వ నెత్తిన గంప, చేతిలో కట్టె... వెనక నేను, కళ్లు నలుపుకుంటూ.

ఇప్పచెట్టు కనపడగానే అవ్వ ఆగిపోయేది. కట్టెతో బండ మీద టకటక కొట్టేది. గుడ్డెలుగు, అదే ఎలుగుబంటి, మాకంటే ముందే వచ్చి రాలిన పూలు తింటుంటుందని.

"తిన్నది సాలు తియ్, ఇగ జరుగు. మాకు గూడ పిల్లలున్నరు" అని కేకేసేది... పక్కింటామెతో మాట్లాడినట్టే.

"అవ్వా, దానికి మన మాట ఎట్ల సమజైతది?" అని అడిగితే...

"నీకే సమజైతలేదు గని, దానికైతది" అనేది.

చెట్టు కింద పూలన్నీ ఊడ్చుకొచ్చే అలవాటు మాకు లేదు. ఒక పక్కవి అట్లనే విడిచిపెట్టాలి. గంప నిండలేదని నేను అటు చెయ్యి పెడితే అవ్వ చెయ్యి మీద చిన్నగా కొట్టేది. "మనకు లేకుంటే కోమటాయన దుకాణముంది. అది ఏడికి పోయి కొనుక్కుంటది?"

తిరిగొచ్చే దారంతా ఎవరు ఏం తిని పోయారో చూపించేది. పగిలిన చెదల పుట్ట కనపడితే గుడ్డెలుగు పనే... గోళ్లతో తవ్వి, మట్టిని ఉఫ్‌మని ఊది, మూతి పెట్టి చెదలను పీల్చుకుంటుంది. చెట్టు మీద నల్లమూతి కొండెంగలు సగం కొరికి పారేసిన ఆకులు, కాయలు కింద దుప్పులకు విందు. ఒళ్లంతా ముళ్లుండే ఏదుపందికి గడ్డలు, వేర్లు... రాలిన దుప్పి కొమ్ములను కూడా అది గీరి తింటుంది.

ఇంటికొచ్చి అన్నం వద్దని నేను మారాం చేస్తే... ముద్దకొక జంతువు పేరు. ఇది గుడ్డెలుగు ముద్ద, ఇది దుప్పి ముద్ద. గుడ్డెలుగు ముద్దైతే ఉఫ్‌మని ఊదాకే తినాలి. అట్లా తిని పెరిగాను నేను.

పెళ్లయి వనపర్తికి వచ్చాక నా బిడ్డ మంజులకు కూడా అట్లనే తినిపించాను. అది ఎంత గట్టిగా ఊదేదంటే, మెతుకులు నా మొహం మీద పడేవి. దాని బిడ్డ చిన్నికి అది కూడా అట్లనే తినిపించింది.

పోయిన వానాకాలం మంజులకు జ్వరమొచ్చింది. దవాఖానలో చేర్చాం. నా బిడ్డ మళ్లీ ఇంటికి రాలేదు...

చిన్నిని నా దగ్గరికి తెచ్చుకున్నాను. అది ఏడవలేదు. కానీ తినడం మానేసింది. పాలిస్తే రెండు గుక్కలు, అంతే. చేతులు పుల్లల్లా అయ్యాయి. జంతువులన్నిటి పేర్లూ చెప్పాను... పెదవులు బిగించి గోడ వైపు తిరిగేది. నాకు లోపల ఒకటే భయం... ఉన్న ఈ ఒక్కదాన్నీ నిలుపుకోలేనేమో అని.

ఒకరోజు ముద్ద పట్టుకుని కూర్చుంటే అదే అడిగింది.

"అమ్మమ్మా... అమ్మ లేని గుడ్డెలుగు పిల్ల ఏం తింటది?"

ఇది అవ్వ నాకు చెప్పలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. అడవిలో తల్లి వీపు మీద కూర్చుని పోయే గుడ్డెలుగు పిల్లలు అవ్వకు కనపడేవట... ఆ మాటే పట్టుకున్నాను.

"వాళ్లమ్మ దాన్ని వీపు మీద ఎక్కించుకోని అడివంత తిప్పింది గద బిడ్డా. యాడ పుట్టలున్నయో, యాడ పండ్లున్నయో అన్ని సూపెట్టింది. గవే ఎతుక్కోని తింటది."

చిన్ని లేచి వంటింట్లోకి పోయి, బెల్లం డబ్బా చూపించింది.

"అమ్మ జొన్నరొట్టెల బెల్లం పెట్టి సుట్టిస్తుండె."

పొయ్యి ముట్టించి రొట్టె చేశాను. పిండి తడపడానికి నీళ్లు వేరే పోయాల్సిన పని లేనట్టు ఉంది నా కండ్ల పరిస్థితి. "అమ్మమ్మా, మాడుతుంది సూడు" అని అదే నన్ను తిట్టింది. వేడి రొట్టెను ఉఫ్‌మని ఊది... సగం తిన్నది. సగమైనా సరే.

ఆనాటి నుంచి కొద్దికొద్దిగా తింటోంది. కానీ పూటకొక కొత్త జంతువు కావాలట. పాతవి చెబితే "అది అయిపోయింది" అంటుంది. అడవి విడిచి నాకు ఎన్నో ఏండ్లయింది... ఇక్కడ మా వాడకట్టులో కనపడేవి కోతులే. అవి కూడా చిప్స్ ప్యాకెట్లు చింపుకుంటూ తిరుగుతున్నాయి. అవ్వకు అడిగినన్ని తెలుసు. నాకు తెలిసినవి అయిపోవచ్చాయి.

మీ దిక్కు అడవుల్లో, గుట్టల్లో ఏ జంతువు ఏం తింటుందో మీ పెద్దలు చెప్పినవి ఏమన్నా ఉంటే కింద రాయండి... చిన్నదైనా సరే, పురుగైనా పిట్టైనా సరే. మీరు రాసిన ఒక్కొక్కటీ మా చిన్నికి ఒక్కొక్క ముద్ద.