కింద మిరపకాయలున్నాయి

మా పాత ఓనరమ్మగారు పోయారని మొన్న పొద్దున్నే వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, వెక్కుతూనే, "జాగ్రత్తగా రా అక్కా, బస్సు పూర్తిగా ఆగాకే దిగు" అంది. అంత దుఃఖంలోనూ అచ్చం తల్లి మాటే వచ్చింది ఆ పిల్ల నోట. ఫోన్ పెట్టేసి బస్సెక్కాను. చీరాల నుంచి గుంటూరు వెళ్లేదాకా ఆవిడ మాటలే చెవిలో మోగుతున్నాయి.

గుంటూరులో వాళ్ల మేడ మీద వాటాలో చాలా ఏళ్లు అద్దెకున్నాం. ఆవిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. అంత భయస్థురాలిని నేనింతవరకూ చూడలేదు. గ్యాస్ కట్టేశానా లేదా అని మెట్ల కింద నిలబడి అడిగేవారు. కట్టేశానండీ అంటే, "ఓసారి చూసొస్తే పోయేదేముంది?" అనేవారు. వెళ్లి చూసొచ్చేదాన్ని. మా బాబు రెండుసార్లు తుమ్మితే చాలు, మిరియాల కషాయం గ్లాసు పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కేవారు. "నీకు ఇద్దరు అత్తగార్లే" అని మా ఆయన నన్ను ఏడిపించేవాడు. మొదట్లో నాకు చెడ్డ విసుగ్గా ఉండేది. తర్వాత్తర్వాత, ఆవిడ ఊరెళ్లిన రోజున గ్యాస్ సంగతి ఎవరూ అడగకపోతే తోచేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం వాషింగ్ మిషన్ కొన్నాం. ఒక పక్క ఉతికేది, ఇంకో పక్క పిండేది. మీట తిప్పితే మురికి నీళ్లు గొట్టంలోంచి వరండా తూములోకి పోవాలి. సరిగ్గా ఆ వరండా కిందే వాళ్ల ముందు గది. ఆ ఏడు కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయాయి. ధర రాలేదని వాళ్ల పొలంలో పండిన మిరపకాయల బస్తాలన్నీ ఆ గదిలోనే పేర్చారు. చెమ్మ తగిలితే కాయ బూజు పడుతుంది, రంగు పోతుంది, ఇక ఎవరూ కొనరు. వాళ్ల ఏడాది కష్టమంతా ఆ గదిలో ఉంది. నేను మిషన్ వేసినప్పుడల్లా కింద నుంచి ఒకటే మాట: "నీళ్లు చూసుకో అమ్మాయ్, కింద కాయలున్నాయి!"

ఆ రోజుల్లోనే ఒకసారి, రెండు రోజులు పెదకాకానిలో మా అక్క వాళ్లింట్లో ఉండి వచ్చి, పేరుకుపోయిన బట్టలన్నీ మిషన్లో వేశాను. మా ఆయన పని మీద దర్శి వెళ్లాడు. ఉతకడం అయ్యాక మీట తిప్పితే నీళ్లు కదల్లేదు. మళ్లీ తిప్పాను. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. బట్టలన్నీ తీసి, చెయ్యి పెట్టి అడుగున పేరుకున్న నూగంతా ఏరిపారేశాను. ఉహూ. తొట్టి నిండా సబ్బు నీళ్లు, కింద కాయలు. మిషన్ కొన్న కొట్టువాళ్లకి ఫోన్ చేస్తే, "గొట్టంలో ఏదో అడ్డం పడుంటుంది, ఊడదీసి చూడండమ్మా" అన్నారు. మగ్గుతో నీళ్లు తోడేసి ఆ తర్వాత తీయాలన్న ఇంగితం ఆ కంగారులో ఎక్కడుంటుంది? మిషన్‌కి తగిలించిన వైపే గొట్టం లాగేశాను.

నీళ్లన్నీ ఒక్కసారిగా వరండా మీదికొచ్చాయి. ఆ మూల సిమెంటు పగిలి ఉందని నాకు తెలుసు. తువ్వాళ్లు, చీరలు, చేతికందిందల్లా నేల మీద పడేశాను. దేవుడా ఇంకకండి, ఇంకిపోకండి అని నీళ్లని బతిమాలుకున్నాను. ఇంతలో కింద నుంచి బాబాయిగారి కేక వినిపించింది. బాబాయిగారంటే ఆవిడ భర్త.

"ఎవరు పైన నీళ్లొదిలింది? బస్తాల మీద కారుతుంటే కళ్లు కనపట్టంలా?"

ఆయన గబగబా పైకొచ్చారు. వెనకే పిన్నిగారు. "మిషన్లూ వద్దు, మీరూ వద్దు, ఇల్లు ఖాళీ చేసి పొండి" అన్నారాయన. పిన్నిగారు మాత్రం నా వంక చూడకుండా, మిషన్ వెనక ఆరేసిన దుప్పటి దగ్గరికెళ్లి దాన్ని పక్కకి లాగారు. దాని చాటున గొట్టం రెండో చివర కిటికీ ఊచకి, నా తలకన్నా ఎత్తున, పాత చీర పేలికతో ముడి మీద ముడి వేసి కట్టి ఉంది. అంత ఎత్తుకి నీళ్లెలా ఎక్కుతాయి?

"కట్టింది నేనేనండీ," అన్నారు. "నిన్న తూము దగ్గర చెమ్మ కనిపించింది. గొట్టం పైకుంటే చుక్క కూడా పడదనుకున్నా. అమ్మాయినేమీ అనబాకండి."

ఆ పేలిక నేను చూడనే లేదు. ఆవిడ ఊరుకుని, సాయంత్రం చాటుగా విప్పేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. బల్లిని చూస్తే కెవ్వుమనే మనిషి, ఏడాది పంట తడిసిన వేళ, అంత కోపిష్టి మొగుడి ముందు, అద్దెకున్నదాని కోసం ఆ మాట చెప్పారు. ఆవిడ మీద నాకున్న ప్రేమంతా ఆ క్షణం నుంచే.

ఆ రోజంతా తడిసిన బస్తాలు విప్పి డాబా మీద కాయలు ఆరబోశాం. పిన్నిగారూ నేనూ పోటీపడి తుమ్మాం, కళ్లు మండి ఏడ్చాం. కొన్ని బస్తాలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. బాబాయిగారు కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు, ఖాళీ చేయమని మాత్రం మళ్లీ అనలేదు. పిన్నిగారు ఇంకెప్పుడూ గొట్టం జోలికి రాలేదు. కాకపోతే నేను మిషన్ వేసినంతసేపూ ముందు గదిలో తల పైకెత్తి, కప్పుకేసి చూస్తూ నిలబడేవారు. మెడ నొప్పెడుతుంది కూర్చోండి అంటే వినేవారు కాదు.

మొన్న నేను వెళ్లేసరికి ఆ ముందు గదిలోనే ఆవిడను ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ఆ ముడత లేదు. బాబాయిగారు పక్కనే కుర్చీలో ఉన్నారు. మాటిమాటికీ లేచి, కరిగిన నీళ్లు బకెట్లోకి పోయే సన్న గొట్టాన్ని వంగి తడుముతున్నారు. "నేను చూస్తాగా నాన్నా, కూర్చో" అని కూతురు అంటున్నా వినడం లేదు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు.

"ఇది మడత పడుతోందమ్మాయ్. నీళ్లు నిలిచిపోతే మీ పిన్ని కంగారు పడుద్ది."

నేను మోకాళ్ల మీద కూర్చుని మడత సరిచేశాను. బకెట్లో చుక్క పడేదాకా ఇద్దరం అటే చూస్తూ ఉండిపోయాం.