మామయ్య పెట్టిన లైట్లు

1989 మార్చి, శనివారం సాయంత్రం. జూబ్లీహిల్స్‌లో కడుతున్న మా ఇల్లు. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా అమ్మ, అమ్మకు తమ్ముడైన మామయ్య, మేస్త్రీ.

నా డైరీల్లో ఏ పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది. ఆఫీసులో మీటింగులు రాసీ రాసీ వచ్చిన అలవాటు. మొన్న మా కోడలు హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయిస్తూ, లైట్లు ఎక్కడెక్కడ రావాలో కంప్యూటర్‌లో గీయించిన బొమ్మ తెచ్చి చూపించింది. బాగుందన్నాను. ఆ తర్వాత బీరువా తీసి ఈ పేజీ వెతికాను.

మామయ్య మద్రాసు స్టూడియోల్లో ముప్పయ్యేళ్ళు లైట్లు పెట్టినవాడు. సినిమా అంతా ఇటు వచ్చేస్తోందని తానూ వచ్చాడు. ఫిల్మ్‌నగర్‌లో తెలిసినవాళ్ళ గుమ్మాలన్నీ ఎక్కాడు. కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. మధురానగర్‌లో మా అద్దె వాటాలోనే ఉంటూ, చదివిన పేపరే మళ్ళీ చదువుతూ, మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. మద్రాసు వెళ్ళిపోతానని అప్పుడప్పుడూ అనేవాడు. అక్కడ వాడికి ఇంకెవరున్నారని అమ్మ బెంగ. అందుకే కొత్తింటి లైట్లన్నీ తమ్ముడే చూడాలని పట్టుబట్టింది.

మర్నాడే స్లాబు. కరెంటు పైపులు కాంక్రీటు కింద కప్పబడిపోతాయి కాబట్టి, ఏ గదిలో ఏది ఎక్కడో ఆ సాయంత్రమే తేలాలి. "లైట్లు యాడ వస్తయో ఇయ్యాలనే చెప్పుండ్రి సార్. మల్ల తవ్వుడంటే నాతోని కాదు," అన్నాడు షేక్‌పేట మేస్త్రీ.

మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సెంట్రింగు చెక్కలకు ఊతంగా నిలబెట్టిన సరుగుడు బాదుల మధ్య, ఎవరు ఏ గదిలో ఎక్కడ కూర్చుంటారో అక్కడే ఇటుకల మీద కూర్చోమన్నాడు. వెదురు కర్రకు బల్బు కట్టి, పైకీ పక్కకీ జరుపుతూ ఒక కన్ను మూసి మా మొహాలు చూశాడు. నెత్తి మీద లైటుంటే కళ్ళ కింద గుంటలు పడతాయట.

"అక్కా, కాస్త గడ్డం పైకెత్తు."

"ఈ వయసులో నాకు పెళ్ళిచూపులేంట్రా," అంది అమ్మ. మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామయ్య నవ్వలేదు. పని మీద ఉన్నాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి.

నిచ్చెనెక్కి, ప్రతి గదికీ నాలుగు మూలలా పైచెక్కల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి దిగాడు. అమ్మ పైకి చూసి, అమాయకంగానే, "బాగుందిరా. మరి ఫ్యానేదీ?" అంది.

సినిమా సెట్టులో వేసే ఇంటికి గోడలుంటాయి గానీ పైకప్పుండదు. కప్పుండాల్సిన చోట లైట్లు వేలాడతాయి. మామయ్య అన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకు వెలుగిచ్చాడో గానీ, ఒక్కదానిలోనూ ఫ్యాను తిరగలేదు. ఇప్పుడు నడుమ ఫ్యాను పెడితే, దాని రెక్కలు ఆయన లైట్లన్నిటినీ కోసేస్తాయి. గోడల మీదా, అమ్మ చదువుకునే పుస్తకం మీదా నీడలు గిరగిరా తిరుగుతాయి.

మామయ్య సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "కప్పున్న ఇళ్ళు నాకు తెలియవక్కా. మేస్త్రీ చెప్పినట్టు పెట్టించుకోండి," అన్నాడు. ఇంటికెళ్ళాక పెట్టె సర్దుకున్నాడు.

మర్నాడు ఉదయం. కూలీలు కంకర, ఇసుక కలుపుతున్నారు. అమ్మ పొద్దున్నే మామయ్యను వెంటబెట్టుకొచ్చి, తన గదిలో ఇటుక మీద కూర్చుంది. "నా గదికి ఫ్యాను వద్దు. వీడు పెట్టిన చోటే లైట్లుండాలి," అంది.

"ఎండాకాలం ఎలాగమ్మా?" అన్నాను.

"విసనకర్ర ఉందిగా."

"ఉడికిపోతావక్కా," అని మామయ్య జేబులోంచి సుద్దముక్క తీశాడు. నిచ్చెనెక్కి మూలల్లోని గుర్తులు చేత్తో చెరిపేశాడు. గది నడిమధ్య ఫ్యాను కొక్కేనికి తానే గుర్తు పెట్టాడు. దిగొచ్చి, అమ్మ ఎడమ భుజం వెనక గోడ మీద, రెక్కల నీడ అందనంత కిందగా, లైటుకు ఇంకో గుర్తు పెట్టాడు. తర్వాత ఎవరూ అడగకుండానే పక్కగదిలోకి వెళ్ళాడు. మేస్త్రీ విసుక్కుంటూనే కూలీల్ని ఆపాడు.

ఆదివారం పేజీలో రెండే వాక్యాలున్నాయి: "స్లాబు పోశారు. మామయ్య ఊరెళ్ళలేదు." స్లాబు గట్టిపడటానికి ఎన్నాళ్ళు నీళ్ళు కట్టాలో మేస్త్రీ ఆ పొద్దునే చెప్పాడు. మనిషి ఒక ఊళ్ళో కుదురుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పగలవాళ్ళు ఇంతవరకూ నాకు తారసపడలేదు.