నా మీద వేసుకున్న ఉపవాసం

నూజివీడు ఆసుపత్రిలో పిల్లల వార్డుకి వేసవి సెలవుల్లో క్యారేజీ పట్టుకెళ్లడం నాకు అలవాటు. బళ్లో పాఠాలు చెప్పే మనిషిని, ఆ రోజుల్లో తీరిక. మా చర్చి ఆడవాళ్లు వార్డుకి వెళ్తే పాట పాడి, బిడ్డ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించి వస్తారు. పక్కనున్న తల్లి అన్నం తిందా అని ఒక్కరూ అడగరు. అదే నా గొడవ. నాదేమీ గొప్ప భక్తి కాదు, ఆకలికి ఆగలేను, అంతే. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీదా ప్రసంగాలు అయ్యేలోపు నా కళ్లు గడియారం మీదే ఉంటాయి.

మొన్న వేసవిలో, తోటల్లో కాయకోత జోరుగా సాగుతుండగా, బాపులపాడు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భర్త మామిడికాయలు కోసే కూలీ. ఒళ్లో నెలల పాప. వాంతులు, విరేచనాలు. పాపకి సెలైన్ పెట్టి, తల్లిపాలు మానొద్దన్నారు. ఆ తల్లికేమో పాలు పడటం లేదు.

నేను కంచంలో అన్నం పెట్టాను. ముట్టుకోలేదు.

"ఉపవాసంలో ఉన్నానండీ. పాప కోసం. మూడు రోజులుంటానని నిన్న ప్రభువుకి మాటిచ్చాను. మంచినీళ్లు తప్ప ఏం తీసుకోను."

నాకు ఒళ్లు మండిపోయింది. పాలిచ్చే తల్లి పస్తులుండి, ఆ పాల కోసం ఏడ్చే బిడ్డనే బాగుచెయ్యమని దేవుణ్ణి అడుగుతోంది. నచ్చజెప్పాను, కసిరాను. నర్సు కూడా వచ్చి కేకలేసింది.

"ఇప్పుడు నేను తిని, పాపకేమన్నా అయితే? మాట తప్పినందుకే అయిందని జీవితమంతా ఏడవనా అండీ?" అందా అమ్మాయి.

కంచం ఆమె పక్కనే పెట్టి లేచాను. కోపం మాత్రం తగ్గలేదు.

ఆ అమ్మాయి దగ్గర నంబరు తీసుకుని, వరండాలోకి వచ్చి వాళ్ల ఊరి పాస్టరుగారికి ఫోన్ చేశాను. "విశ్వాసంతో మొదలుపెట్టింది కదమ్మా, మధ్యలో ఆపమని నేనెలా చెప్పను? ప్రార్థన చేద్దాం," అని ఫోన్లోనే అందుకున్నారు. నేను కళ్లు మూసుకోలేదు. నీ పేరు చెప్పి పసిదాని నోటి దగ్గర పాలు ఎండబెడుతున్నారు, చూస్తూ ఊరుకుంటావేంటి, అని లోపల నేనూ ఒక ప్రార్థన చేశాను. అది ప్రార్థనో, దెబ్బలాటో. ఆమేన్ మాత్రం ఇద్దరం ఒకేసారి అన్నాం.

లోపలికి వచ్చేసరికి పాప రొమ్ము పట్టి, ఏమీ రాక వదిలేసి, ఏడ్చే ఓపిక కూడా లేక చూస్తోంది. ఆలోచించకుండానే అనేశాను.

"నీ ఉపవాసం నాకిచ్చెయ్. మిగిలింది నేనుంటాను."

"అలా ఇవ్వొచ్చా అండీ?"

"మన బదులు ఆయన సిలువ మొయ్యలేదా? నీ బదులు నేను కాస్త కడుపు మాడ్చుకోలేనా?"

ఆ అమ్మాయి ఊరికే నమ్మే రకం కాదు. "అయితే ఆ మాట మీరే ప్రభువుకి చెప్పండి. నేను వింటాను," అంది.

వార్డంతా చూస్తుండగా చెప్పాను. ఈమె ఉపవాసం నా మీద వేసుకుంటున్నాను, ఈమె అన్నం తింటుంది, కోపమొస్తే నా మీద చూపించు, అని. ఆమేన్ అని ఆ అమ్మాయి కంచం దగ్గరికి లాక్కుంది. ఏడుస్తూనే మొత్తం తినేసింది.

మర్నాడు, పాలు పడతాయని మునగాకు పప్పు చేశాను. రుచి చూడకుండా ఉప్పు వేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఊరు హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో ఒళ్లో వేడి క్యారేజీ, కిటికీ పక్కనే మామిడిపళ్ల లారీ, వాసన తల తిప్పేస్తోంది. పాస్టరుగారిని తిట్టుకున్నాను, ఆ అమ్మాయిని తిట్టుకున్నాను, మధ్యలో నోరు జారిన నన్నూ తిట్టుకున్నాను.

వార్డులో అడుగుపెట్టేసరికి పాప పాలు తాగుతోంది. గుటకలు వినబడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. క్యారేజీ విప్పి అన్నం కలిపిచ్చాను. ఆ అమ్మాయి ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో ఆబగా తింటూ, అలవాటు కొద్దీ, "మీరూ తినండి," అంది. అంతలోనే నాలుక కరుచుకుంది.

"అయ్యో, మీరు ఉపవాసం కదండీ!" అని కంచం తనవైపు జరుపుకుని, "పప్పు ఇంకొంచెం ఉందా అండీ?" అని అడిగింది.

గిన్నె మొత్తం ఆమె కంచంలో వొంపేసి, నేను మంచినీళ్ల సీసా మూత తీశాను.