విషప్పువ్వు చప్పరించిన మామ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని మొక్క ఈ భూమ్మీద లేదు. కొత్తగా వృక్షశాస్త్రం లెక్చరరు ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను, అందులో నెట్ లేకపోయినా ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్. ఇంకేం కావాలి! మా పెద్ద మేడం (ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు మా కాలేజీలో లేరు) పిల్లల్ని అరకు కొండలకి తీసుకెళ్తూ నన్నూ రమ్మంటే, నా ఉద్యోగం ఖాయమయ్యేది ఈ ప్రయాణంతోనేనని గట్టిగా నమ్మాను.

మోకాళ్ళ నొప్పితో మేడం వెనక నిదానంగా వస్తుంటే, నేను పిల్లలతో కొండవాలు ఎక్కేశాను. అక్కడ రాళ్ళ మధ్య ఓ పొద, కొమ్మ కొమ్మకీ గుత్తులుగా ఎర్రపూలు. ఫొటో తీశాను. యాప్ ‘రోడోడెండ్రాన్’ అని చెప్పింది. హిమాలయాల్లో పూసే పొద మన అరకులో! పేపర్లో నా ఫొటో కూడా కనిపించేసింది నాకు. “ఎవరూ ముట్టుకోకండి, దీని తేనె విషం!” అంటూ పాఠం మొదలుపెట్టాను.

అంతలో, పక్కనే కట్టెలమోపు దించుకుని చెమట తుడుచుకుంటున్న మామ్మ ఒకావిడ ఆ పొద దగ్గరికొచ్చి, ఓ పువ్వు తుంచి, కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది. ఆ వెంటనే ఇంకోటి.

“మామ్మా, ఉమ్మేయ్! ఉమ్మేయ్!” అని పడుతూ లేస్తూ పరుగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? సెయ్యొదులు!”

వదల్లేదు. ఉప్పునీళ్ళు తాగించండర్రా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండర్రా అని అరిచాను. (సిగ్నల్ లేదు. ఆ రోజు నాకు జరిగిన మేలు అదొక్కటే.) ఇద్దరు విద్యార్థులతో కలిసి ఆవిడని ఎత్తబోతుంటే మేడం రొప్పుతూ వచ్చారు. సంగతి విని, ఓ పువ్వు కోసి భూతద్దంతో చూసి, “ఇది ధాతకి. గోరింటాకు కుటుంబం. ఈ కొండల్లో ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. చిన్నప్పట్నుంచీ గోరింటాకు పెట్టుకుంటూ దాని చుట్టాన్ని గుర్తుపట్టలేకపోయావా?” అని, తానూ ఆ పువ్వు చప్పరించి, పకపకా నవ్వేశారు. వెనక నలభైమంది పిల్లలూ నవ్వారు.

“తప్పయిపోయింది మామ్మా” అన్నాను ఏడుపు గొంతుతో.

“పోన్లే గుంటా. నానెవుర్నో తెలీకుండానే నా పానానికి ఇంత బెంగెట్టుకున్నావు. మా ఇంటోళ్ళు ఎప్పుడూ ఇలాగ పరిగెట్నేదు” అని నా అరచేతిలో నాలుగు పూలు పెట్టింది. “బేగి పీల్సు, ఎండకి పడిపోతావు.”

తియ్యగా ఉన్నాయి.

ఇప్పుడు నేను ఏ పొద పేరైనా పువ్వు విప్పి, పుస్తకం చూసి గానీ చెప్పను. అడుగు కూడా అంతే, చూసుకుని గానీ వెయ్యను. ముక్కూ మొహం తెలియని మామ్మ కోసం, తప్పు పేరు పట్టుకుని కొండవాలున అలా పరుగెత్తిన ఆ పిల్లంటే మాత్రం నాకు ఒక్కోసారి కాస్త అసూయగా ఉంటుంది.