బరువు బ్యాటు, బావ మౌనం

మా వీధి గదిలో మేకుకి నల్లసంచీలో ఒక పికిల్‌బాల్ బ్యాటు వేలాడుతోంది. కొన్నాక దానితో ఒక్కనాడు కూడా ఆడింది లేదు. ఫ్యాను గాలికి అది గోడకు తగిలి టక్కుమన్నప్పుడల్లా ఇంట్లో ఎవరూ లేకపోయినా సిగ్గుతో తల దించుకుంటున్నాను. నా ఈడువాళ్ళకు ఈ ఆట కొత్త కనక చెబుతాను: తీగలు అల్లని చెక్కలాంటి బ్యాటుతో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతిని వల మీదుగా కొట్టుకోవడం, అంతే. విజయనగరంలో మా కాలనీ వెనక సిమెంటు నేల మీద గీతలు గీసి, పొద్దున నడకకొచ్చే ముసలాళ్ళం ఆడుతున్నాం. మొన్నటిదాకా నేనూ మా అక్క మొగుడూ ఒక జట్టు. ఆయన మా మేనమామ కొడుకే, అంటే పుట్టుకతోనే నాకు బావ.

బ్యాటు అనగానే నాకు నరసన్నపేటలో రైసుమిల్లు గచ్చు గుర్తొస్తుంది. పగలంతా ధాన్యం ఎండబోసిన ఆ గచ్చు మీద, సాయంత్రం ధాన్యం కుప్పజేసి పట్టా కప్పేశాక, అరికాళ్ళు ఇంకా చురచురలాడుతుండగానే బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళం. పసుప్పచ్చ ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు. మిల్లులో ఇంజను నడిపే మా మావే, అంటే బావ తండ్రే, మాకు గురువు. ఎవరికి ఏ బ్యాటు ఇవ్వాలో ఆయనే తేల్చేవాడు, దానికి ఆయన పద్ధతి ఆయనకుండేది. బ్యాటు పట్టుకున్న చెయ్యి బారుగా చాపి, నరసన్నపేటలో బస్సెక్కినట్టు అనుకుని, శ్రీకాకుళం దాకా దారిలో తగిలే ఊళ్ళన్నీ నిదానంగా చెప్పుకుపోవాలి. బస్సు చేరేదాకా చెయ్యి వణకకపోతే బరువు బ్యాటు, వెనక వరసలో చోటు. వణికితే తేలిక బ్యాటు, వల దగ్గర చోటు.

మీసం మొలుస్తున్న ఈడులో నా బస్సు మడపాం దగ్గర వంశధార వంతెన మీదే ఆగిపోయింది. "ఒరే అల్లుడా, సెయ్యి వణుకుతన్నాది. ఇది నీ వల్ల కాదు. పో, తవుడు బస్తాలు మొయ్యి, గట్టిపడ్డాక రా" అని మావ పదిమందిలోనూ బ్యాటు లాగేసుకున్నాడు. బావ ఊరుకుంటాడా? "మా బామ్మర్ది ఏట్లో పడిపోనాడ్రో, ఎవులైనా తాడెయ్యండ్రా!" అని గచ్చంతా తిరిగి అరిచాడు. ఆ రాత్రి అన్నం తినలేదు గానీ, మర్నాటి నుంచే బస్తాలు మోశాను. కోతల నాటికి నా బస్సు శ్రీకాకుళం చేరింది. టికెట్టు నేకుండా ఎల్లుంటాడని బావ అప్పుడూ ఆడిపోసుకున్నాడు. బావ అన్నవాడు ఆడిపోసుకోకపోతే ఇంకెవడు ఆడిపోసుకుంటాడు!

కొంతకాలంగా నా కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాను, అదేమంటే చలి అంటున్నాను. ఆటలో బంతి వలకే తగిలి పడిపోయేది. అయిదో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టిన కాగితాల మీద చదువు నేర్చుకున్నవాణ్ణి, చదవకుండా ఏ సంగతీ నమ్మను. ఫోనులో దొరికిందల్లా చదివాను. బంతి దూసుకుపోవాలంటే పవర్ బ్యాటు కొనాలట: లోపలి పొర పలచగా, కార్బన్ ముఖం గట్టిగా, పిడి పొడుగ్గా, బరువంతా తలవైపు ఉండాలట. బలం బ్యాటులో ఉంటే చేతిలో లేకపోయినా ఎవరూ కనిపెట్టరనుకున్నాను. ఆ తలబరువు మోయాల్సింది ఈ మణికట్టే కదా అన్న సంగతి అంత చదివినవాడికీ తట్టలేదు.

బావను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళాను. అక్కడున్న కుర్రాడు నా వయసు చూడలేదు, చెయ్యి చూడలేదు, ఉన్నవాటిలోకి బరువైనది తీసి "సూపర్ సార్, మీ కోసమే చేసినట్టుంది" అన్నాడు. ఈ కాలపు మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషిని పరకాయించి చూడకుండానే పొగిడేసే మర్యాద ఎందుకు, తగలెయ్యనా?

"ఆగరా, ముందు బస్సెక్కు" అన్నాడు బావ నవ్వుతూ.

చెయ్యి చాపాను. మొదటి ఊరి పేరు నోట్లో ఉండగానే, నీళ్ళలో నీడలాగ బ్యాటు తల ఊగడం మొదలెట్టింది. దింపేద్దామంటే పౌరుషం, పట్టుకుందామంటే వశం కాలేదు. బావ వేళాకోళం కోసం కాచుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన బ్యాటు చూశాడు, నా మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"బాగున్నాదిరా, తీసుకో" అని, గోడకున్న బూట్లవైపు తిరిగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక బావ నాతో మాట్లాడిన మొదటి మర్యాద మాట అది.

మర్నాడు కొత్త బ్యాటుతో వెళ్ళేసరికి బావ బెంచీ మీద కూర్చుని భుజం రుద్దుకుంటున్నాడు. "భుజం పట్టేసినాది, ఇంక నా వల్ల గాదు. మా బామ్మర్ది కూడా నాతోనే కూకుంటాడు, నేకపోతే నాకు తోసదు" అని అందరికీ చెప్పేశాడు. సంచీ విప్పకుండానే పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళితే, అదే భుజం మీద బియ్యం బస్తా పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. నన్ను చూశాడు. బస్తా దించలేదు. అక్క టీ ఇస్తే, ఆయన నా గ్లాసులోంచి సగం తన గ్లాసులోకి ఒంపుకుని, తొణక్కుండా నా చేతికందించాడు.

గచ్చు మీద పదిమందిలో పడ్డ సిగ్గుకు తవుడు బస్తాలనే మందు ఉండేది. తిట్టినవాడే మళ్ళీ రమ్మని పిలిచేవాడు. ఇప్పుడు నన్ను ఎవరూ తిట్టడం లేదు, బ్యాటు లాక్కోవడం లేదు. కుర్రాడు తన బేరం కోసం పొగిడాడు, బావ నా కోసం లేని నొప్పి తెచ్చుకున్నాడు. ఇద్దరిలో బావ చేసిందే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఆ రోజు కొట్లో ఆయన, వెనకటిలా, అందరూ తిరిగి చూసేలా, తాడెయ్యండ్రా అని ఒక్క అరుపు అరిచి ఉంటే, నేనూ నవ్వేసి, తేలిక బ్యాటొకటి అడిగి తీసుకుని, వల దగ్గర నిలబడి ఉండేవాణ్ణి.