గద్దె కింది వాల్వు

మా ఆడబిడ్డ పోయిందన్న కబురు నల్లా వచ్చిన రోజు పొద్దున తెలిసింది. హైదరాబాద్ ఆసుపత్రిలో ఆమె దగ్గరున్న మా పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. బిందె సగం నిండింది. నల్లా కట్టేసి, చెయ్యి తుడుచుకుని ఫోన్ ఎత్తాను. "అమ్మా, అత్తమ్మ పోయింది" అన్నాడు. ఎప్పుడు బయలుదేరుతున్నారో అడిగి, ఫోన్ పెట్టి, మళ్ళీ నల్లా విప్పాను. ఆ నీళ్ళు తాగడం మేం అప్పటికే మానేశాం. కానీ ఆమె ఇంటికి వస్తోంది, వాకిలి కడగాలి. రాతిగుండె అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నీళ్ళు వచ్చే వేళ చేతులు కట్టుకుని కూర్చుంటే ముందు కోప్పడేది ఆమే.

ఆమె నా భర్తకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. నిజామాబాద్‌లో మా గల్లీలోనే, మా పక్కింట్లో ఉండేది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది, తీరిక వేళల్లో పరిశోధన చేసేది. పట్టణంలో ఒక పైపు పగిలినా, ఒక మోటారు ఆగినా, మిగతా ఇళ్ళకు నీళ్ళు ఆగకుండా ఉండాలంటే పైపులను ఎట్లా వేయాలి, ఎక్కడెక్కడ కలపాలి, ఎక్కడ వాల్వులు పెట్టాలి, ఇదీ ఆమె పని. చుట్టాలకు ఇది అర్థమయ్యేది కాదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "నువ్వేం చదివినవు?" అంటే "నల్లాలు" అనేది. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది.

ఆ చదువు మొదలైంది బోధన్‌లో. మా మామగారు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు ఆడే కాలంలో ఆయనకు అన్నం డబ్బా తీసుకెళ్ళేది ఈ పిల్లే. ఆయన తింటూ చూపించేవాడట, ప్రతి పంపు పక్కన ఇంకో పంపు, ప్రతి పెద్ద పైపుకు పక్కనుంచి తిరిగి వచ్చే ఇంకో దారి. "ఒకటి చెడిపోతే ఇంకోటి నడవాలె బిడ్డా. బయట బండ్లల్ల చెరుకు ఎండుతుంటది, అది మనకోసం ఆగదు" అనేవాడట. ఫ్యాక్టరీ మూతబడింది. మామగారూ పోయారు. పాత పంపులు తుప్పు పట్టాయని ఎవరో వచ్చి చెప్పారు. ఆమె, "పోతే పోనీ వదినా. బాపు చెప్పిన ముచ్చట నా దగ్గర ఉన్నది" అంది.

తన చదువంతా నాకు ఒక్క ముగ్గులో చెప్పింది. నా ముగ్గును మనవరాళ్ళను కూడా తొక్కనివ్వను, అట్లాంటిది ఆమె పొద్దున్నే వచ్చి నా పిండి గిన్నె లాక్కుంది. చుక్కలు పెట్టింది. అవి ఇళ్ళు, మలుపులు. ఒక గీత తీసి, దానికి కొమ్మలు తీసింది. "గిది మన గల్లీ" అంది. మొదట్లో ఒకచోట బొటనవేలితో గీతను చెరిపేసింది. "ఇప్పుడు చెప్పు వదినా, ఎవరింట్ల నీళ్ళు లేవు?"

"ఆ చివరి దాకా ఎవరికీ లేవు."

"మనమున్నది ఆ చివర్నే."

అప్పుడు మా గల్లీ చివరి చుక్కను వెనక గల్లీ చివరి చుక్కతో కలిపింది. ముగ్గు మూసుకుంది. "ఇప్పుడు యాడ చెరిపినా నీళ్ళు ఇంకో దిక్కుకెళ్ళి తిరిగొస్తయి."

నేను ఇంటి లెక్కలు పైసాతో సహా రాసే మనిషిని. ఒక పైపుతో జరిగేదానికి రెండోది ఎందుకు, దండగ కదా అన్నాను. "నీ లెక్కల పైపు ఎన్నడూ పలగదు వదినా. గదే నీ లెక్కల తప్పు" అంది. నేను జవాబు చెప్పబోయేలోపే చీపురు తీసుకుని ముగ్గు ఊడ్చేసింది. ఆ రోజు మా వాకిట ముగ్గు లేదు.

బజారుకెళ్ళినా ఆమె చూపు నేల మీదే. ఇనుప మూత కనిపిస్తే కాలితో తట్టి, ఆ చప్పుడు విని, తల ఊపి నడిచేది. నల్లాకు మోటారు బిగించిన ఇంటి ముందు ఆగి కేకలు వేసేది. "మోటారు పెట్టి గుంజితే ఒక్క నీళ్ళే రావు, మోరీల మురుగు గూడ వస్తది!" నీళ్ళు వదిలే ఆయన కనిపిస్తే వాల్వులన్నీ తిప్పి చూస్తున్నావా అని అడిగేది. "ఏడాదికోసారన్న తిప్పకుంటే వాల్వు తన పని మరిచిపోతది" అనేది. ఆయన దూరం నుంచి ఆమెను చూస్తే సైకిల్ వేరే గల్లీకి తిప్పేవాడు.

ఇప్పుడు గద్దె సంగతి చెప్పాలి. మా గల్లీ మొదట్లో, గల్లీలు కలిసే చోట, మా లైను వాల్వు ఉంది. దాని మూత రోడ్డు కంటే కాస్త ఎత్తుగా ఉండేది. వాన పడినా బురద అంటేది కాదని ఆడవాళ్ళు బతుకమ్మలను దాని మీద పెట్టి ఆడేవారు. తర్వాత తలా కొంత వేసుకుని, ఆ మూత మీదే సిమెంటుతో గద్దె కట్టారు. చక్కగా, గుండ్రంగా కట్టారు. కింద వాల్వు ఉందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గుర్తించింది మా ఆడబిడ్డ. పైపు మోరీలోంచి పోతోంది, పగిలితే మన ఒక్క గల్లీని ఆపే దారి లేదు, గద్దె పక్కకు జరుపుదాం అని అందరినీ అడిగింది. నేనూ ఆమెతో ఇల్లిల్లూ తిరిగాను. నీళ్ళు వదిలే ఆయన, అందరూ ఒప్పుకుంటేనే గడ్డపార వేస్తానన్నాడు.

ఒప్పుకోనిది ఎదురింటి అవ్వ. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. గద్దె పనికి ఇసుక మోసిన చేతులు ఆవిడవి. ఒళ్ళో చాట పెట్టుకుని, తల ఎత్తకుండా అంది: "నువ్వు సదువుకున్నవ్ గని బిడ్డా, గద్దె మీద గడ్డపార ఎయ్యమంటవా? ముందు నన్ను లేపి అవుతల పారెయ్యి."

"నిన్ను లేపుడు నాతోని అయితదా అవ్వా? జేసీబీ కావాలె."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. గద్దె మాత్రం కదల్లేదు.

ఈ ఎండాకాలం పైపు పగిలింది, ఆమె చెప్పినట్టే, మోరీ లోపల. బాగు చేయాలంటే పెద్ద వాల్వు మూసి చుట్టుపక్కల గల్లీలన్నిటికీ నీళ్ళు ఆపాలి. ఆ ఎండల్లో ఎవరు ఒప్పుకుంటారు? ముందు మా వంతు రానీయండి, మాది అయ్యాక ఆపండి అని రోజులు గడిచాయి. నీళ్ళు ఆగిన గంటల్లో మురుగు పైపులోకి చేరేది, వదలగానే మా బిందెల్లోకి వచ్చేది. చూడ్డానికి తేటగానే ఉండేవి. ఆమె మాత్రం నల్లా కింద దోసిలి పట్టి, వాసన చూసి పారబోసి, చెప్పులు వేసుకుంది. ఇల్లిల్లూ తిరిగి, మరగబెట్టకుండా తాగొద్దని చెప్పింది.

నేను ఇంట్లోనే ఉండి గుండిగలో నీళ్ళు కాస్తున్నాను. సాయంత్రం తిరిగివచ్చి అరుగు మీద కూలబడింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"నీళ్ళు తాగినవా?" అన్నాను.

"తాగిన. ఎండల పడి వచ్చినవ్ బిడ్డా అని ఇచ్చిండ్రు."

"మరగబెట్టినవేనా?"

ఆమె నా వైపు చూసింది. "తాగొద్దని చెప్పనీకి పోయిన వదినా. వాళ్ళు అప్పటిదాంక మరగబెట్టలే. చేతికిచ్చిన చెంబు వాపసిస్తే, నా మాట ఇంకెవరు వింటరు?"

కొన్ని వారాలకు ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. గల్లీలో మరికొందరికీ కామెర్లు వచ్చాయి, వాళ్ళు తేరుకున్నారు. ఆమె లివరు పాత జబ్బుతో ముందే దెబ్బతిని ఉంది. ఇక్కడి డాక్టరు హైదరాబాద్ తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే అవ్వ వచ్చి తలుపు పట్టుకుంది. "నా చెంబేనా బిడ్డా? నేనిచ్చిన నీళ్ళేనా?" అని అడిగింది. మా ఆడబిడ్డకు మాట కష్టంగా వస్తోంది. "మస్తు ఇండ్లల్ల తాగిన అవ్వా" అంది. నేను విన్న ఆమె చివరి మాట అది. దారిలో డిచ్‌పల్లి దాటేసరికి తెలివి తప్పిందట.

ఏ ఇంటి నీళ్ళో ఎవరూ చెప్పలేరు. డాక్టరూ చెప్పలేదు. తెలియని అంకెను నేను నా లెక్కల్లో వేయను, ఇక్కడా వేయను. కానీ అవ్వ ఆ అంకెను తన పేరున వేసుకుంది.

దహనం అయి ఇంటికి వచ్చేసరికి గల్లీ మొదట్లో దబదబ చప్పుడు. అవ్వ గడ్డపార పట్టుకుని గద్దెను పొడుస్తోంది. ఆ వయసులో ఎత్తలేక ఎత్తి వదిలేస్తోంది. ఎవరో తీసుకోబోతే ఇవ్వలేదు. చివరికి ఆడవాళ్ళంతా చేరి సిమెంటు పెళ్ళలు లాగేశారు. మూత బయటపడింది. నీళ్ళు వదిలే ఆయన లోపలికి దిగి వాల్వు చక్రం పట్టుకున్నాడు. అది తిరగలేదు. ఇంకొకరు సాయం పట్టారు. తిరగలేదు. ఆమె చెప్పినట్టే, వాల్వు తన పని మరిచిపోయింది. ఆయన పైకి వచ్చి, చేతుల తుప్పు చూసుకుంటూ, "గద్దె అప్పుడే తీసినా గిదే కథ అవ్వా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. అవ్వ ఓదార్పు పొందలేదు. "అప్పుడైతే ఆ బిడ్డ తిప్పిచ్చేది" అంది.

అది నిజం. తిప్పించేది.

కొత్త వాల్వు పెట్టారు, పైపు మోరీలోంచి బయటికి తీశారు. మా గల్లీ చివర, వెనక గల్లీ చివర మాత్రం ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటి మధ్య ఒక గోడ, కాస్త ఖాళీ జాగా. వాటిని కలపమని అడుగుతూ తిరుగుతున్నాను. ఖర్చు దండగ అనేవాళ్ళకు జవాబు చెప్పాల్సింది ఇప్పుడు నేను.

మొన్న బతుకమ్మ పండుగకు ఆడవాళ్ళు ఎప్పటిలాగే అక్కడికే వచ్చారు. గద్దె లేదు. కొత్త కోడలు ఒకామె, ఏమీ తెలియక, తన బతుకమ్మను ఇనుప మూత మీద పెట్టింది. అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "పక్కకు పెట్టు బిడ్డా" అని, తానే రెండు చేతులతో ఎత్తి నేల మీదికి జరిపింది. మిగతావాళ్ళూ తమవి దాని పక్కనే పెట్టారు. రాలిన తంగేడు రేకలు మూత మీద ఉంటే అవ్వ కొంగుతో తుడిచింది. పాట మొదలైంది. అందరూ చుట్టూ తిరుగుతుంటే, అవ్వ ఆడలేదు. ఆ మూత పక్కనే, ఎవరి కాలూ దాని మీద పడకుండా, చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.