లిఫ్టులో పట్టని స్టేషను

హైదరాబాదులో ఎవరితోనైనా "నేను లేఅవుట్ వేశానండీ" అని చూడండి. మరుక్షణం "ఎక్కడ? శంకరపల్లి వైపా? గజం ఎంత?" అంటారు. రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీనులో ఒకాయన చేతిలో ఇడ్లీ ముక్క అలాగే పట్టుకుని, "పట్టాలు క్లియర్‌గా ఉన్నాయా మేడం?" అని అడిగాడు. "బోలెడున్నాయండీ, వాటి మీద రైళ్ళు కూడా తిరుగుతున్నాయి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఆ తర్వాత వారం రోజులు నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు.

నా లేఅవుట్ నల్లగండ్లలో, మా ఫ్లాటు రెండో పడగ్గదిలో ఉంది. ప్లైవుడ్ బల్ల మీద చిన్న పట్టాలు, చిన్న స్టేషను, చిన్న గోదావరి, దాని మీద అగ్గిపుల్లల మందం ఇనప దూలాల వంతెన. అగ్గిపెట్టెంత పెట్టెలతో రైలు ఆ వంతెన మీద పోతుంటే నాకు ఆకలి కూడా గుర్తుండదు. మాది రాజమండ్రి వైపు. అట్టపెట్టెలు కోసి రైళ్ళు చేసిన పిల్లని, సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో జుట్టు నెరిసింది గానీ ఆ పిచ్చి మాత్రం నెరవలేదు. దీన్ని ఎవరైనా "బొమ్మ రైలు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి అన్నారు. మళ్ళీ అనలేదు.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఈ చుట్టుపక్కల కొందరం ఉన్నాం. ఆదివారాలు ఒకరింట్లో చేరతాం. కాఫీలు తాగుతాం, పట్టాల గురించి పోట్లాడుకుంటాం. మాకు ఉన్నది ఒకే ఒక్క కట్టుబాటు: ఇంకొకరి లేఅవుట్ దగ్గర చేతులు వెనక్కి పెట్టుకోవాలి. రైలు పట్టాలు తప్పినా, చెట్టు ఒరిగినా, నోటితో ఎంతైనా చెప్పొచ్చు గానీ వేలు పెట్టకూడదు. కట్టినవాడే బాగుచేసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు అత్యుత్సాహంతో చెయ్యి చాపితే, "చేతులు వెనక్కి!" అని నేను అరిచే అరుపు కింది ఫ్లాటు దాకా వినపడుతుందట. వినపడనీయండి.

కొత్తవాళ్ళు నా దగ్గరికి వచ్చి మూడే మాటలంటారు. చోటు లేదండీ, తీరిక లేదండీ, నాకు చెయ్యి తిరగదండీ. మంచం కింద చోటు లేదా? ఫోనులో రీళ్ళు చూసే తీరిక ఎక్కణ్ణించి వస్తోంది? ఇక చెయ్యి అంటారా, నా మొదటి కొండ చూసి మా అత్తగారు "ఎవరైనా పెరుగన్నం ఒలకబోశారా?" అనడిగారు. నిజంగానే అలాగే ఉంది. రెండోది కొండలాగే వచ్చింది. చెడగొడితేనే వస్తుంది ఈ విద్య. మొదలుపెట్టండి బాబూ అంటాను.

మా గుంపులో అనంతపురం వైపు మనిషి ఒకాయన ఉన్నాడు. నాకంటే చిన్నవాడు, పెద్ద కంపెనీలో పని. నన్ను అక్కా అంటాడు. గట్టిగా మాట్లాడితే గాజు పగులుతుందేమో అన్నంత నెమ్మది మనిషి. ఆయన లేఅవుట్ ముందు మాదంతా పిల్లలాటే. వాళ్ళ నాన్న మీటర్‌గేజి లైను మీద గేటు కాసేవాడు. రోడ్డూ పట్టాలూ దాటుకునే చోట గేటు, గేటు పక్కన ఒక గది, ఆ గదిలో ఈయన బాల్యం. ఆ లైను తీసేసి పెద్ద లైను వేశారు. గేటు పోయింది, గది పోయింది, పాత స్టేషను పోయింది. వాళ్ళ నాన్నా పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. మనసులో ఉన్నదాన్ని ఉన్నట్టు ఈ బల్ల మీద కట్టాడు. గేటు గది గోడకి ఆనించిన సైకిలు, తలుపు పక్కన నీళ్ళ కుండ, ఎర్రజెండా, పచ్చజెండా. ఆ స్టేషను ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఆ బల్ల మీదే.

"అన్నీ వచ్చినాయక్కా, ఆ చప్పుడు ఒకటి రాలేదు" అనేవాడు. పాత పట్టాలకి అతుకులుండేవి కదా, వాటి మీద చక్రాలు పడి టకటకలాడేవి. రాత్రిళ్ళు గేటు గదిలో చాప మీద పడుకుని ఆ చప్పుడుకే నిద్రపోయేవాడట. ఇప్పటి మెట్రోలో అతుకులేవీ? మా ఆఫీసు దాకా చడీచప్పుడూ లేకుండా జారిపోతుంది. మా చిన్న పట్టాలూ అంతే. బల్ల కింద చిన్న స్పీకరు పెట్టి చూశాడు. కుట్టుమిషను నడుస్తున్నట్టు వినపడింది. మేం నవ్వాం, ఆయనా నవ్వి పీకేశాడు. పట్టాల మీద ఆకురాయితో గాట్లు పెట్టమన్నాను. మనసొప్పలేదు పాపం. నాన్న నడిచిన లైనుకి గాటు పెడతానా అన్నాడు.

ఇంత తెలివైనవాడూ మా వాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఒకటి చేశాడు. గదిలో కూర్చుని, గది పొడుగునా, ఒకే చెక్కగా బల్ల కట్టేశాడు. కట్టేటప్పుడు దాన్ని బయటికి ఎలా తీస్తామని మాలో ఎవరికీ తోచదు. రైలు ఎలా తిరుగుతుందనే ధ్యాస తప్ప!

పోయిన ఏడాది ఇంటి ఓనరుకి ఇల్లు కావాల్సి వచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. సామాన్లన్నీ కొత్తింటికి వెళ్ళిపోయాయి. ఆదివారం పొద్దున బల్లని పక్కకి నిలబెట్టి, నానా తిప్పలూ పడి ఫ్లాటు తలుపు దాటించారు. లిఫ్టులో పట్టలేదు. మెట్ల మలుపు తిరగలేదు. తొమ్మిదో అంతస్తు వరండాలో చెప్పుల స్టాండ్ల పక్కన గోడకి ఆనుకుని నిలబడిపోయింది స్టేషను. దారికి అడ్డమని అసోసియేషన్ వాళ్ళు అప్పుడే రెండుసార్లు వచ్చి వెళ్ళారు.

అప్పుడు మా గ్రూపులో ఆయన మెసేజ్ పెట్టాడు. ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి, లేకపోతే సాయంత్రం పగలగొట్టి చెత్తబండికి వేసేస్తాను, ఇక ఈ రైళ్ళ జోలికి రాను.

చదవగానే కోపం వచ్చింది. నాకు బాధ ఎప్పుడూ కోపం లాగే వస్తుంది. పొయ్యి మీద పప్పు మా ఆయనకి అప్పగించి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే రెండు వీధులవతల ఉన్న ఆ అపార్ట్‌మెంటుకి పరుగెత్తాను. దారిలోనే మా గుంపులో ఇంకొకాయనకి ఫోను చేశాను. ఆయనది నానక్‌రామ్‌గూడ, అక్కడే పుట్టి పెరిగాడు, ఇప్పుడు సొంత బిల్డింగులో హాస్టల్ నడుపుతున్నాడు. సన్నపళ్ళ రంపం ఉన్నది ఆయన దగ్గరే. "రంపం పట్టుకుని వచ్చేయండి, ఎందుకని అడక్కండి" అన్నాను.

నేను వెళ్ళేసరికి మనిషి వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అట్టపెట్టె. అందులో ఊడిపడిన చిన్న చిన్న మనుషుల్ని ఒక్కొక్కరినీ దూదిలో చుడుతున్నాడు. పారేసే వస్తువుల్ని దూదిలో చుట్టే మనిషిని చూశారా ఎక్కడైనా?

"ఏంటండీ బాబూ ఆ మెసేజు! బుద్ధుండే పెట్టారా?" అన్నాను.

"ఇంగ నా వల్ల కాదక్కా. యాడికి తీసకపోదును? ఇది బయటికి రాదు."

"రాకపోతే కొయ్యండి."

ఆయన తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నేనేదో మనిషిని కొయ్యమన్నట్టు చూశాడు.

ఇంతలో నానక్‌రామ్‌గూడ ఆయన లిఫ్టులోంచి రంపంతో, పనిముట్ల సంచితో దిగాడు. బల్లని చూశాడు, లిఫ్టుని చూశాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏందన్నా, రైలు నడిపిస్తవ్, స్టేషన్‌ను గూడ నడిపిద్దామనుకున్నవా? జర ఆగు, పరేషాన్ గాకు. రెండు ముక్కలు చేస్తే రెండు ట్రిప్పులల్ల దిగుతది."

"నిజమే గానీ యాడ కోస్తావన్నా?" అన్నాడు మావాడు.

బల్లని నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి, ముగ్గురం దాని చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నాం. నా చేతులు, నానక్‌రామ్‌గూడ ఆయన చేతులు వెనకే ఉన్నాయి. అప్పుడు చూస్తే విషయం తెలిసింది. మధ్యలో స్టేషను, దాన్ని కొయ్యలేం. స్టేషనుకి అటూ ఇటూ రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే పాయింట్లు, వాటి మీద రంపం పడితే మళ్ళీ అతకవు. చివర వంపులు, అక్కడ కోస్తే పట్టాలు కుదురుగా నిలబడవు. పట్టాలు తిన్నగా, ఏ అడ్డూ లేకుండా ఉన్న చోటు బల్ల మొత్తం మీద ఒక్కటే. గేటు దగ్గర.

ఆయనకీ కనపడింది.

"యాడైనా కొయ్యండక్కా, గేటు కాడ మాత్రం వద్దు" అన్నాడు. "అది మా నాయన నిలబడే చోటు."

నేను నోరున్నదాన్ని. ఆఫీసులో డైరెక్టర్లకే జవాబు చెప్పగలను. ఆ మాటకి మాత్రం ఏడుపొచ్చింది, పైట కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

జవాబు వాళ్ళావిడ చెప్పింది. ఖాళీ ఫ్లాటు ఊడ్చి, చీపురు చేతిలో పట్టుకునే గడప దగ్గర నిలబడి అంతా వింటోందట. "మీ నాయన నిలబడేది యాడ? రోడ్డు తెగిపోయే కాడ. రైలు వస్తాందంటే రోడ్డు తెంచేది, పోయినాక కలిపేది, ఆయప్ప పనే అది కదా! ఈ పొద్దు నువ్వు తెంచు, ఆ ఇంటికి పోయినాక కలుపు. దీన్ని చెత్తబండికేసి, ఆడ నా మొగం చూసుకుంటా కూచుంటావా?"

మావాడు లేచి, నానక్‌రామ్‌గూడ ఆయన చేతిలోంచి రంపం తీసుకున్నాడు.

"నేను కోస్తనన్నా, నీతోని కాదు" అన్నాడాయన, ప్రేమగానే.

"చేతులు వెనక్కి" అన్నాను నేను. అరవలేదు ఈసారి.

ముందు పట్టాలు జరగకుండా కోత పడే చోటికి రెండు వైపులా ఇత్తడి మరలు దింపి, పట్టాల్ని వాటికి టంకం పెట్టి బిగించమన్నాను. పెట్టాడు. గేటు గదిని, సైకిలుని, కుండని గోళ్ళతో ఊడదీసి దూదిలో పెట్టాడు. బల్ల కింద వైర్లు కత్తిరించి, మళ్ళీ కలుపుకోవడానికి రంగు దారాలు కట్టాడు. ఆ తర్వాత రోడ్డు అంచు వెంబడి రంపం పెట్టాడు. మొదటి లాగుడికి కళ్ళు మూసుకున్నాడు. "కళ్ళు తెరవండి మహానుభావా, వేలు తెగుతుంది!" అని నేను గోల. లిఫ్టులోంచి దిగిన పక్కింటాయన ఒకరు ఆగి, "ఏం జరుగుతోందండీ?" అనడిగితే, "లేఅవుట్‌ల రోడ్డు కోత సార్, మీ ప్లాటు పోతలేదు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు నానక్‌రామ్‌గూడ ఆయన. రంపం పట్టుకుని ఏడుస్తున్న మనిషి ఫక్కుమని నవ్వాడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది, వీడు ఎక్కడికీ పోడని.

చెక్క రెండుగా విడింది. లిఫ్టులో ఒకటి నిలువుగా పట్టింది, రెండోది ఐమూలగా పట్టింది. గేటు గది ఉన్న దూది పెట్టె మాత్రం వాళ్ళావిడ ఒళ్ళో కూర్చుని కొత్తింటికి వెళ్ళింది.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఒక ఆదివారం పిలిచాడు. కొత్తిల్లు చిన్నది. బల్ల హాల్లోకి వచ్చేసింది, సోఫా బాల్కనీలోకి పోయింది. రెండు ముక్కల్నీ బోల్టులతో కలిపి బిగించాడు. గేటు గది మళ్ళీ దాని చోట అది నిలబడింది. సైకిలూ కుండా కూడా. నేను కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాను. కోత పడిన చోట పట్టాల మధ్య సన్నని సందు, బియ్యపు గింజ ముక్కంత. నా ప్రాణం ఊరుకోదు కదా, ఎన్నేళ్ళుగానో తప్పులు వెతికే ఉద్యోగం! సందు ఉంది, పూడ్చాలి, టంకం వేసి ఆకురాయితో నునుపు చేస్తే అయిపోతుందని మొదలుపెట్టాను.

"ముందు నడిపిస్తానుండక్కా" అన్నాడు.

స్టేషను వదిలి రైలు కదిలింది. పాయింట్ల మీద నుంచి మెత్తగా వచ్చింది. గేటు దగ్గరికి వచ్చింది. ఇంజను ముందు చక్రాలు సందు మీద పడ్డాయి.

టక్ టక్. ఒక పెట్టె. టక్ టక్. ఇంకో పెట్టె. టక్ టక్. డొల్లగా ఉన్న బల్ల ఆ చప్పుణ్ణి పట్టుకుని హాలంతా వినిపించింది.

ఆయన చెయ్యి కంట్రోలు మీద అలాగే ఆగిపోయింది. రైలు చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. టక్ టక్. ఆయన మెల్లగా కిందికి వంగి, నేల మీద కూర్చుని, గేటు గది పక్కన బల్లకి చెవి ఆనించాడు. చాప మీద పడుకున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. వంటింట్లో వాళ్ళావిడ పంపు కట్టేసింది.

నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. ఇంత చేసినవాడు ఆ సందు ఒక్కటీ ఎందుకు వదలాలి అనుకుంటూ, సంచిలోంచి ఆకురాయి తీసి పట్టాల మీదికి చెయ్యి చాపాను.

"చేతులు వెనక్కి!"

అరిచింది ఆయనే. గాజు పగులుతుందేమో అన్నట్టు మాట్లాడే మనిషి, కింది ఫ్లాటు దాకా వినపడేట్టు అరిచాడు. నేను ఉలిక్కిపడి, ఆకురాయి పట్టుకున్న చేతిని వీపు వెనక దాచుకున్నాను. నానక్‌రామ్‌గూడ ఆయన కూడా చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. రైలు మళ్ళీ గేటు దగ్గరికి వస్తోంది. ముగ్గురం విన్నాం.